స్టిక్కర్‌ని నమ్మమన్నాను

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అంది అత్తయ్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

పొద్దుట్నుంచి ఆవిడ ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి బావ "అమ్మా, కాస్త ఆగు" అన్నాడు. రెండోసారి తల దించుకున్నాడు. ఈసారి అసలు వినిపించుకున్నట్టే లేదు. హాల్లో నేలమీద మఠం వేసుకుని, వైఫై డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, వెనకున్న చిన్న కన్నంలో పిన్నీసు గుచ్చి, పెదాలు కదుపుతూ ముప్ఫై దాకా లెక్కపెడుతున్నాడు. వదిలాడు. చూశాడు. మళ్ళీ గుచ్చాడు.

డబ్బా మీద ఐదు దీపాలుండాలి. పొద్దున ఏడుగంటలకి బావ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాలుగు ఆరిపోయాయి. మిగిలిన ఒక్కటీ, కరెంటు వస్తోందని చెప్పడానికి తప్ప ఎందుకూ పనికిరానిది, నిబ్బరంగా వెలుగుతోంది.

"ఏమండీ, పదిన్నర" అంది అక్క.

"ఊఁ."

"పదకొండుకల్లా రిపోర్టులు వెళ్ళాలి."

"తెలుసు."

"తెలిస్తే ఇవాళే ఎందుకు మొదలుపెట్టారు? ఆదివారం చేసుకోవచ్చుగా?"

"ఆదివారం ఏదైనా తేడా వస్తే దుకాణాలు తెరిచి ఉండవని..."

"అంటే తేడా వస్తుందని మీకు ముందే తెలుసన్నమాట."

బావ మళ్ళీ పిన్నీసు గుచ్చాడు. పదకొండేళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి, ఎంత మొద్దు ప్రశ్నకైనా విసుక్కోకుండా జవాబు చెప్పిన మనిషి, అక్క ముందు మాత్రం ఎప్పుడూ ఒక మార్కు తక్కువే తెచ్చుకుంటాడు.

అక్క చేసేది టైపు పని. డాక్టర్లు గొణిగిన మాటలు చెవిలో పెట్టుకు విని రిపోర్టులుగా కొట్టి పంపుతుంది. ఆఫీసువాళ్ళు ఇంటి లైను మీద నుంచి తప్ప ఇంకే దారినా లోపలికి రానివ్వరు. ఫోన్లో నెట్ ఉంది కదా అంటే కుదరదు. ఎనిమిది నెలలుగా ఈ ఇల్లు నడుస్తున్నది ఆ డబ్బా మీదే.

ఫోన్ మోగింది. అక్క లేచి నిలబడి మాట్లాడింది.

"నమస్కారమండీ... లేదండీ, లైను రావట్లేదు... మా ఇంట్లోవాళ్ళు ఏదో..." అని ఆగింది. "లైను సమస్యండీ" అని సర్దుకుంది.

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. "పొద్దుటి విడత ఇంకొకావిడకి ఇచ్చేశారు. మధ్యాహ్నం రెండింటికైనా లోపలికి రాగలిగితే రెండో విడత ఇస్తారట. లేకపోతే ఈ వారమంతా నా పేరు పక్కన పెడతారట."

"వాళ్ళకేం తెలుసు నీ ఇంట్లో ఏం జరుగుతోందో" అంది అత్తయ్య. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్నది చాలక, పనిచేసేదాని చేతులు కూడా కట్టేశావు కదరా."

ఈ ఇంట్లో ఆ ఎనిమిది నెలల మాట ఎవరూ పైకి అనలేదు, ఇవాళ్టిదాకా. ఇన్‌స్టిట్యూట్ మూసేశారన్నంతవరకే అనేవాళ్ళం. అత్తయ్యకి కూడా నోరు జారిందని తెలిసింది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది.

బావ పిన్నీసు కింద పెట్టాడు. "నా తప్పే. ఇందులో వేరే ఎవరి తప్పూ లేదు" అన్నాడు.

అలా అంటూ నావైపు చూడలేదు. చూసినా బాగుండేది.

నేను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. కుట్టిన చోటు నొప్పి ఎంతో నాకు తెలుస్తోంది, అరవడానికి మాత్రం నోరు రావడం లేదు.

"ఒరేయ్, నువ్వేంట్రా అలా నిలబడ్డావు?" అంది అక్క. "వీధిలో అందరివీ బాగుచేస్తావు. ఇంట్లోది చూడవా?"

"ఇలా ఇవ్వు బావా" అన్నాను.

బావ డబ్బాని రెండు చేతులతో పైకెత్తి నాకందించాడు, దెబ్బ తగిలిన పిట్టపిల్లని ఇచ్చినట్టు. "వెర్షన్ చూసే ఎక్కించానోయ్" అన్నాడు నెమ్మదిగా. "మూడుసార్లు చూశాను."

"సర్లే బావా. చూద్దాం" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

*

నా దుకాణం బోర్డు మీద ఒకే ఒక మాట రాసుంటుంది. 'గంటలో బాగు.' అది రాయించుకున్నరోజు నేను చాలా గొప్పవాణ్ణనుకున్నాను. దానివల్ల వీధిలో నాకు నా పేరే పోయింది, అందరూ 'గంటలో' అనే పిలుస్తారు. గంటలో ఉన్నాడా, గంటలో టీకి వెళ్ళాడా అంటారు. నవ్వుకున్నాను కానీ, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏమేం చేశానో ఎవరికీ చెప్పలేదు.

షట్టరు సగం దించి, లైటు వేసి, డబ్బాకున్న రెండు మరలూ విప్పాను. మూత తీయకముందే లోపలేముందో నాకు తెలుసు. అయినా తీశాను. ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు మూల చిన్న తెల్ల అక్షరాల్లో ఒకటో వెర్షన్ అని అచ్చువేసి ఉంది. బయట, అడుగున, కంపెనీ స్టిక్కర్ మీద మూడని ఉంది.

ఆ బోర్డు ఈ డబ్బాది కాదు. నేను పెట్టిందే.

పోయినేడు వానాకాలంలో ఒకరోజు బడి హెడ్మిస్ట్రెస్ గారు తనే గొడుగేసుకుని దుకాణానికి వచ్చారు. పిడుగుకి ఆఫీసు రూటర్ మాడిపోయిందట. మధ్యాహ్నంలోగా పిల్లల మార్కులు పంపాలట. "గంటలో అవుతుందా నాయనా?" అన్నారు, బోర్డు వైపు చూస్తూ. అవుతుందన్నాను. ఆవిడ వెళ్ళాక విప్పి చూస్తే లోపల బొగ్గు. అదే కంపెనీది, అదే రకం, మూడో వెర్షన్. సరిగ్గా మా ఇంట్లో ఉన్నలాంటిది.

పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళాను. అక్క, అత్తయ్య బజారుకెళ్ళారు. బావ అప్పటికింకా ఇన్‌స్టిట్యూట్లో ఉండేవాడు. మా డబ్బా విప్పి బోర్డు తీసి, దుకాణం తుక్కులో పడున్న అదే రకం పాత బోర్డు అందులో బిగించాను. మా బోర్డు బడివాళ్ళ డబ్బాలో పెట్టాను. గంటకి ఐదు నిమిషాలు తక్కువలో పట్టుకెళ్ళి ఇచ్చాను. "చెయ్యి మంచిది నీది" అన్నారావిడ. వారంలో కొత్త బోర్డు తెప్పించి ఇంట్లోది మార్చేద్దామనుకున్నాను. వారం అయింది, నెల అయింది. ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను. ఇలాంటి పనుల్లో మొదటి వారమే కష్టం. తర్వాత మనిషికి అలవాటైపోతుంది.

అడగలేదని కాదు. నెట్ నత్తలా నడుస్తోందని అందరూ ఏడాదంతా గొడవపెట్టారు. అత్తయ్య లైన్‌మన్‌ని గేటు దగ్గర నిలబెట్టి రెండుసార్లు దులిపేసింది. అతను పాపం స్తంభమెక్కి తీగ మార్చి కూడా వెళ్ళాడు. నేను పక్కనే నిలబడి, "ఈ కంపెనీలన్నీ ఇంతేలెండి" అన్నాను.

అదంతా అలా సాగిపోయేదే. రెండువారాల క్రితం అదే హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి, "బడిలో గదికొకటి చొప్పున నలభై రూటర్లున్నాయి. అన్నీ చవకవి. కంపెనీవాడు వాటిని పట్టించుకోవడం మానేశాడు. వాటిలో బయట ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ల్యాబ్ కూడా చూసుకునే మనిషి కావాలి. మీ బావగారు చేస్తారా? నీలాగే జాగ్రత్త మనిషేనా?" అనకపోయుంటే.

నాలాగే జాగ్రత్త మనిషి.

బావ ఆ సాయంత్రం నోటుపుస్తకం కొనుక్కొచ్చాడు. "నలభైటి మీద చెయ్యేసే ముందు ఇంట్లో ఒకదాని మీద చేసి చూడాలోయ్. మనది కూడా అదే రకం కదా. మన నెట్ కూడా వేగంగా వస్తుంది" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆ మనిషి అన్నం తింటూ ఏదో పాటలాంటిది తీశాడు. అక్క నావైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

పదిరోజుల క్రితం చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఏమోయ్, రూటర్ పేజీ తెరిస్తే వెర్షన్ ఒకటి అంటోంది. అడుగున స్టిక్కర్ మీదేమో మూడని ఉంది. ఏది నమ్మాలి?"

అప్పుడు చెప్పెయ్యొచ్చు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. కానీ బావ సంగతి నాకు తెలుసు. తెర మీది అంకె నిజమంటే, మరి స్టిక్కర్ ఎందుకు వేరుగా ఉందని అడుగుతాడు. జవాబు దొరికేదాకా వదిలే మనిషి కాదు.

"స్టిక్కర్‌ని నమ్ము బావా. కంపెనీవాడు అంటించింది. తెర మీది అంకె ఇంకేదో అయ్యుంటుంది" అన్నాను. తువ్వాలు కూడా నేనే అందించాను.

ఇలాంటి డబ్బాల్లో ఒక్కో వెర్షన్‌కీ లోపలి చిప్ వేరు, మెమరీ వేరు. మూడో వెర్షన్ ఫైలు ఒకటోదాంట్లో ఎక్కిస్తే చచ్చిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. బావ అంత తొందరగా మొదలుపెట్టడులే, ఈలోగా ఎలాగోలా బోర్డు మార్చేద్దాం అనుకున్నాను. ఆలోచించానని చెప్పుకుంటే నాకే నవ్వొస్తుంది. నేను ఆలోచించలేదు, వాయిదా వేశాను.

చిప్‌కి క్లిప్పు తగిలించాను. కంప్యూటర్లోంచి నేరుగా దానిలోకి రాసే పరికరం నా దగ్గరుంది. ఒకటో వెర్షన్‌కి సరిపోయే ఫైలు దించుకుని, బావ ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకున్నాడో సరిగ్గా అదే ఎక్కించాను. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కగానే వైఫై ఆఫ్‌లో ఉంటుంది. తీగ పెట్టి లోపలికెళ్ళి మనమే ఆన్ చేసుకోవాలి. అదీ చేశాను. గడియారం చూశాను. యాభై నిమిషాలు.

బోర్డు మాట మరోసారి నిలబెట్టుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

*

రెండింటికి అక్క లోపలికి వెళ్ళగలిగింది. నాలుగున్నరకి రెండో విడత పంపేసి, చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, "ఎంత వేగంగా వస్తోందిరా ఇప్పుడు. ఏం చేశావు?" అంది.

"బావ ఎక్కించాలనుకున్నదే ఎక్కించాను."

"చేతనైనవాడు చేస్తే అదే పని" అంది అత్తయ్య. నాకు టీతోపాటు రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టింది.

"చేతనైనవాడు చేసినా, కానివాడు చేసినా ఫైలు అదేనమ్మా" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు. తర్వాత నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. దాని మీద ఎర్ర పెన్ను.

"ఇదెందుకు బావా?"

"నా దగ్గర చదువుకున్నవాళ్ళకి నేను ఎర్రసిరాతోనే దిద్దేవాణ్ణి. తప్పు ఎక్కడుందో తెలియకుండా మార్కులు తగ్గిస్తే విద్యార్థికి అన్యాయం కదా. చూడు. ఎక్కడ తప్పానో గుర్తు పెట్టు."

పుస్తకం తెరిచాను. పేజీకి ఎడమవైపు తేదీ, వేళ. కుడివైపు చేసిన పని. ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ ఫైలు ఎక్కడ దొరికింది, దించుకున్నాక సరిగ్గా దిగిందో లేదో ఎలా సరిచూశాడు, కరెంటు పోతే ఏం చెయ్యాలి. మొదట కంపెనీ పేజీలోంచి ఎక్కించబోతే ఫైలు సరిపోదని డబ్బా ఒప్పుకోలేదని కూడా రాశాడు. కింద, 'బయటి ఫైలుని కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఇలాగే తిరగ్గొడుతుందని అందరూ అంటున్నారు. బటన్ నొక్కిపట్టి ఎక్కించే పద్ధతి వాడాలి' అని ఉంది. పాపం, ఆ డబ్బా నిజం చెప్పింది. నమ్మొద్దని ముందే చెప్పినవాణ్ణి నేను.

పేజీ తిప్పాను. పదిరోజుల నాటి తేదీ. 'తెర మీద 1. స్టిక్కర్ మీద 3. ఏది?' అని ఉంది. దాని కింది వరస కొట్టేసి ఉంది. మామూలు కొట్టివేత కాదు. కాగితం చిరిగేటంతగా నీలిసిరాతో రుద్దేశాడు. పుస్తకమంతటిలో కొట్టివేత అదొక్కటే.

అక్క టైపు చేస్తూ పక్కనే ఉంటుంది, అత్తయ్య భుజం మీంచి తొంగిచూస్తుంది. ఈ ఇంట్లో ఏ పుస్తకమూ ఒకళ్ళదిగా ఉండదు. అందుకే రుద్దేశాడు. కాగితం కొంచెం పైకెత్తి కిటికీ వెలుగులో పెట్టాను. అడుగున రెండు పదాలు కనిపించాయి. 'బావమరిదిని అడిగాను.'

బావ నన్నే చూస్తున్నాడు. "అది చదవక్కర్లేదు" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. "సలహా ఎవరిచ్చినా పిన్నీసు నొక్కింది నేను. సరిచూసుకోవాల్సింది నేను."

సలహా పొరపాటు అనుకుంటున్నాడు. మంచిమనసుతో చెప్పి పొరబడ్డాననుకుని, నన్ను అక్క నోటికి దొరక్కుండా కాపాడుతున్నాడు. నన్ను తిట్టుంటే భరించేవాణ్ణి. చెంపదెబ్బ కొట్టినా నిలబడేవాణ్ణి. ఇది నా వల్ల కావడం లేదు.

"ఐదవుతోంది" అన్నాడు బావ లేస్తూ. "బడి మేడమ్‌కి ఈవేళకి ఫోన్ చేస్తానన్నాను. రాలేనని చెప్పేస్తాను."

అక్క కుర్చీ గిర్రున తిప్పింది. "ఏం చెప్పేస్తారు?"

"సోమవారం నుంచి బడికి రానని."

"అంత తొందరేముందండీ? పొద్దున కోపంలో ఏదో అన్నాను. నా పని పోతుందన్న భయంలో..."

"నువ్వన్నదాంట్లో అబద్ధం లేదు. అమ్మ అన్నదాంట్లోనూ లేదు. అక్కడ నలభై ఉన్నాయి. ఒక్కోటీ పిల్లలున్న గది. ఇంట్లో ఉన్న ఒక్కదాన్నే నిలబెట్టలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని నలభై అప్పగించుకోను?"

"మళ్ళీ ఎన్ని నెలలకి వస్తుందండీ ఇలాంటి పని?" అక్క గొంతు చిన్నదైపోయింది. ఆవిడ గొంతు చిన్నదవడం నేను మా నాన్న పోయినప్పుడు తప్ప వినలేదు.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గోడకానుకుని నిలబడింది. "నేను నోరు జారాన్రా. ఆ మాట పట్టుకుని..."

"నీ మాటకి కాదమ్మా. నాకు సిగ్గుగా ఉంది. అంతే."

సిగ్గు. నాది, నాకు చెందినది, ఆయన మోసుకు తిరుగుతున్నాడు. నేను బిస్కెట్లు తింటున్నాను.

బావ నంబరు నొక్కాడు. ఎప్పటిలాగే స్పీకర్ మీద పెట్టి అరచేతిలో పట్టుకున్నాడు. రెండు రింగులకే ఎత్తారు.

"ఆ, చెప్పండి మాస్టారూ. మీ ఫోన్ కోసమే చూస్తున్నాను. సోమవారం తొమ్మిదింటికల్లా వచ్చేస్తే..."

"మేడమ్, సోమవారం విషయమే. నేను..."

"అక్కా" అన్నాను.

ఎవరి గొంతో అనుకుని ముగ్గురూ నావైపు తిరిగారు. కూర్చునే చెప్పాను.

"ఆ డబ్బాలో ఉన్న బోర్డు మనది కాదు. పోయినేడు నేనే మార్చేశాను. తుక్కుది పెట్టాను. నెట్ ఏడాదిగా నత్తలా నడిచింది అందుకే. పదిరోజుల క్రితం బావ నన్ను అడిగాడు, తెర మీద అంకె నమ్మాలా, స్టిక్కర్ మీదిదా అని. తెలిసే స్టిక్కర్‌ని నమ్మమన్నాను. బావ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"మాస్టారూ? సరిగా వినపడ్డం లేదు" అంటోంది ఫోన్.

అక్క లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆవిడ పనిచేసే మనిషి, పనికొచ్చే ప్రశ్నే అడిగింది.

"మరి మనదేదిరా?"

నా కళ్ళు నా మాట వినకుండా బావ చేతిలోని ఫోన్ మీదికి వెళ్ళాయి.

"మనది ఎక్కడుందని అడుగుతున్నాను."

బావ నా చూపు వెంటే ఫోన్ వైపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. పిడుగు పడ్డ రోజు కథ నేను ఆయనకి ఎన్నిసార్లు చెప్పుకున్నానో, గంటకి ఐదు నిమిషాలు తక్కువని ఎంత మురిసిపోయానో, అవన్నీ ఆయన మొహంలో ఒక్కొక్కటిగా కనిపించాయి. ఆయన మొహం ఎర్రబడలేదు. అలసిపోయినట్టయింది.

"మేడమ్, ఒక్క నిమిషం" అన్నాడు ఫోన్లో. "సోమవారం నేను రావాలో వద్దో మీరు తేల్చే ముందు, మా బావమరిది మీకో సంగతి చెప్పాలట."

ఫోన్ నా ముందుకి చాచాడు.

"గంటలో ఉన్నాడా అక్కడ? ఇవ్వండి ఇవ్వండి" అన్నారావిడ నవ్వుతూ.